సంగీతానికి పదికి రెండు

ఫిబ్రవరి 2

ఈ నోటుబుక్కు కొట్టులో కళ్లజోళ్ల ఆర్డర్లు రాసుకోవడానికి తెచ్చింది. అక్కడ ఇంకో రెండున్నాయి కాబట్టి దీన్ని ఇంటికి పట్టుకొచ్చాను. ఎవరికీ చూపించేది కాదు. నేను ఏ గొడవైనా చెప్పుకునేది అక్కతోనే, అక్కకేమో వినపడటం లేదు.

చెవులు పోయి నాలుగు నెలలు. పోయి అని రాయకూడదు, మూసుకుపోయి. ఇరవై ఆరేళ్లు ఆసుపత్రిలో ఫోన్ల దగ్గర కూర్చున్న మనిషి, అవతలివాడు "హలో" అనగానే వీడికి ఏ వార్డు కావాలో చెప్పేసేది. ఇప్పుడు పైవాటాలో కిటికీ దగ్గర కూర్చుని దుప్పట్లకి అంచులు కుడుతోంది. మా ఇంట్లోవన్నీ అయిపోయాయి. ఇవాళ పక్కింటివాళ్లవి అడిగి తెచ్చుకుంది.

తను మామూలుగానే మాట్లాడుతుంది. జవాబు మాత్రం, పిల్లలు గీసుకునే తెల్ల పలక మీద మేం రాయాలి. నేను రాయడం మొదలుపెడతాను, అక్క నా చేతివంక చూస్తూ కూర్చుంటుంది, సగంలోనే "సర్లే" అంటుంది. ఆ సర్లే అంటే నాకు ఒళ్లు మంట. చిన్నప్పుడు నన్ను గంటలకొద్దీ తిట్టిన నోరు అది.

చెవి డాక్టరు ఓ ఫారం ఇచ్చాడు. పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్పే క్లాసట. జంటగా చేరాలి, వినపడని మనిషి ఒకరు, ఇంట్లోంచి తోడు ఒకరు. అక్క తోడుగా నన్నే అడిగింది. మార్చి ఇరవై లోపల ఇవ్వాలి. ఫారం కొట్టు సొరుగులో ఉంది. చెవులు తెరుచుకున్నాక ఈ క్లాసులన్నీ ఎందుకని ఆగాను.

ఫిబ్రవరి 5

బుర్ర ఉన్నట్టుండి పనిచేసింది. మూకీ సినిమాలు!

టీవీ పెడితే అక్క మొహం తిప్పుకుంటోంది. "అందరూ నోళ్లు ఆడిస్తుంటే కింద అక్షరాల వెంట నేను పరిగెత్తలేను" అంటుంది. మూకీలో ఆ బాధ లేదు. వినేవాడికీ ఏమీ వినపడదు, విననివాడికీ ఏమీ వినపడదు, ఇద్దరూ ఒకటే.

ఆ టోపీలు కుట్టేవాడి సినిమా వెతుకుతాను. నాకు ఆరేళ్లప్పుడు అక్క నన్ను పాత హాలుకి తీసుకెళ్లి చూపించింది. తనకి పదమూడు. నాకు చదవడం రాదు కాబట్టి, తెర మీద మాటలు రాసిన అట్ట పడిన ప్రతిసారీ చెవిలో చదివి చెప్పింది. వెనక వరసవాళ్లు ఉష్ ఉష్ అన్నా మానలేదు. ఆఖర్న టోపీలాయన కూతుర్ని రైలెక్కిస్తాడు. అప్పుడు మాత్రం అక్క చదవలేదు, ఏడుస్తోంది. ఆ అట్ట మీద ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఫోన్లో ఊరికే దొరికిన కాపీని టీవీకి తగిలించి చూపించాను. టోపీలాయన కాళ్ల కింద నిప్పులు పోసినట్టు ఎగురుతున్నాడు. మొహాలన్నీ పిండి పూసినట్టు తెల్లగా ఉన్నాయి, కళ్లెక్కడో ముక్కెక్కడో తెలియదు.

పది నిమిషాలకి సర్లే అంది.

ఫిబ్రవరి 10

లైబ్రరీలో సినిమాల విభాగం చూసే ఆవిడ నా దగ్గర కళ్లజోడు చేయించుకున్న మనిషే. వదులైన కాడ బిగించి ఇచ్చి, సంగతి చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది.

"మీరు చూసింది జిరాక్సుకి జిరాక్సు తీసిన బాపతండీ. పైగా వేగం తప్పు. ఆ రోజుల్లో చేత్తో తిప్పి తీసేవారు. ఇప్పటి వేగంలో వేస్తే అందరూ గంతులేస్తారు మరి."

"మంచిదో కాదో కొనేముందు తెలిసేదెలా?"

"దగ్గరగా తీసిన మొహం ఒక్కటి చూడండి. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే అది మంచి ప్రింటు నుంచి తీసినట్టు. రోజూ అందరి కళ్లూ చూసే మీకు నేను చెప్పాలా!"

నిజమే. రోజంతా నేను చేసేది అదే. అద్దం మార్చి "ఇలా బాగుందా, ఇలా బాగుందా" అని అడగడమే. సినిమాకీ అదే పద్ధతి పెట్టాను. ఒక పట్టిక గీశాను. వేగం, మొహాలు, మాటల అట్టలు, సంగీతం. ఒక్కోదానికి పది మార్కులు. ఏ కాపీ నెగ్గితే అది అక్కకి.

ఫిబ్రవరి 11

లైబ్రరీ ఆవిడ బూడిదరంగు అట్ట ఉన్న డిస్కు ఇచ్చింది. సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం, అక్క, మా ఆవిడ, నేను.

వేగం బ్రహ్మాండం, మనుషులు మనుషుల్లా నడుస్తున్నారు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కానీ ఆ సంగీతం! సినిమాకి జతగా ఎవడో కొత్తగా వాయించి అతికించాడు. పిల్లి హార్మోనియం మీద ఎక్కి దిగినట్టుంది. పాపం కూతురు జ్వరంతో పడుకుంటే వెనకాల డుబుక్కు డుబుక్కు అని డోలు. నా పళ్లు జివ్వుమన్నాయి. అరగంట కాగానే ఆపేశాను.

అక్క కుర్చీ చివరికి జరిగి, ముందుకు వంగి కూర్చుంది. "ఆపేశావేం?" అంది. పలక మీద రాశాను, ఇంతకన్నా మంచిది తెస్తానని.

సంగీతం: పదికి రెండు. ఆ రెండూ జాలిపడి వేసినవే.

ఫిబ్రవరి 12

డిస్కు తిరిగిచ్చేశాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఒకే పెట్టెలో ఇరవై సినిమాలు అమ్ముతున్నారు, తెచ్చాను. తెర వెడల్పుకి సరిపోవాలని బొమ్మని పైనా కిందా కోసేశారు. టోపీల సినిమాలో ఒక్క టోపీ కనిపించదు! అందరికీ నుదుటి దాకానే తల. మూలనేమో అమ్మినవాడి ముద్ర, ఎంతసేపు చూసినా కదలదు. అయినా సంగీతం పర్వాలేదు, ఆరు వేశాను.

అక్క మధ్యలో లేచి పైకి వెళ్లింది, నేనూ కట్టేశాను. ఇది నచ్చలేదు, సరే.

ఫిబ్రవరి 17

పొద్దున్న వంటింట్లోంచి నవ్వులు. అక్కా మా ఆవిడా గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడి ఏదో చెప్పుకుంటున్నారు. పలక బల్ల మీదే ఉంది, దాని మీద నేను నిన్న రాసిన ముక్క అలాగే ఉంది. వాళ్లిద్దరూ ముందునుంచీ అంతే, సగం మాటకే ఒకరికొకరు అర్థమైపోతారు.

నేను వెళ్లగానే అక్క పలక అందించింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

రంగులద్దిన కాపీ. ఎవరో కంప్యూటరు మీద కూర్చుని పాత సినిమాకి రంగులు పూశారు. టోపీలాయన పెదాలకి గులాబీ రంగు. పోలీసుకి కూడా.

"ఇదేంట్రా, అందరూ పెళ్లికి బయల్దేరారా?" అంది అక్క. దానికి నేను నవ్వాను, తను నవ్వలేదు. నాలుగు నెలలుగా అక్క నా ముందు నవ్వలేదు. ఇవాళే లెక్క చూశాను.

ఫిబ్రవరి 27

చెవి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. బాగా రద్దీ.

మార్చి 4

ఆఖరికి దొరికింది. దూరంనుంచి రావాలి, పది రోజులు పడుతుంది. ఒక పెద్ద సంస్థ మూడు దేశాల్లో దొరికిన ముక్కలన్నీ కలిపి, మచ్చలు తుడిచి, వేగం సరిచేసి, అరవైమంది వాయిద్యకారుల్ని కూర్చోబెట్టి సంగీతం చేయించిందట. లైబ్రరీ ఆవిడ పేరు వినగానే "అది మరీ ఎక్కువ తుడిచారని విన్నానండీ" అంది. ఆవిడ దగ్గర లేదని కుళ్లు.

కొట్టుకి వచ్చేవాళ్లు "ఏంటి మీసాల డాక్టరు గారూ, ఈమధ్య హుషారుగా ఉన్నారు" అంటున్నారు. నేను డాక్టర్ని కాను, అయినా మీసాలు మాత్రం నిజమే. ఇరవై రెండో ఏట పెంచడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు మెట్ల మీద పడితే పై పెదవి చీలి కుట్లు వేశారు, ఆ గాటు కనపడకుండా. ఇప్పుడు గాటు సంగతి నేనే మర్చిపోయాను. మీసం మాత్రం పై పెదవి దాటి కిందికి దిగింది, బజారులో నాకు అదే బోర్డు.

మార్చి 9

ఇంకా రాలేదు. అక్క ఫారం సంగతి అడిగింది. పలక మీద "చూద్దాం" అని రాశాను. సర్లే.

మార్చి 14

వచ్చింది!

ఏం సంగీతం! మొదటి వాయులీనం మొదలవగానే నా ఒళ్లు జలదరించింది. రైలు దగ్గరికి వచ్చేసరికి అరవైమందీ ఒక్కసారిగా ఆగిపోయి, ఒకే ఒక్క పిల్లనగ్రోవి. నా కళ్లు నిండిపోయాయి, తెర మీద అట్ట ఏముందో చదవలేకపోయాను. సంగీతం: పదికి పది. పదకొండు వేయొచ్చు.

అక్కకి కూడా ఎలా ఉందో చూద్దామని పక్కకి తిరిగాను. కుర్చీ ఖాళీ.

పైకి వెళ్తే దుప్పటి కుడుతోంది. ఎందుకు లేచొచ్చావని రాశాను. "మైనం బొమ్మల్లా ఉన్నార్రా. మొహం మీద గీత లేదు, ముడత లేదు, నోరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలీదు" అంది. నాకు కోపం వచ్చింది. ఆరు వారాలుగా కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాను ఈవిడ కోసం. నీకేదీ నచ్చదు అని పెద్ద అక్షరాలతో రాసి, పలక అక్కడే పడేసి దిగొచ్చాను.

మార్చి 15, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం నిద్రలో ఉంటే టీవీ గదిలోంచి ఏదో చప్పుడు. ఎవరో ఏడుస్తున్నారనుకుని పరిగెత్తాను. అక్క నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ డిస్కులు, చేతిలో నా పట్టిక. నవ్వుతోంది. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, ఊపిరాడక, కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ.

"సంగీతం, పదికి రెండా?" అంది. "ఒరేయ్, చెవిటిదాని కోసం సినిమాలు వెతుకుతూ సంగీతానికి మార్కులేస్తావురా?"

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, పట్టిక చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆరు వారాలు! రోజుకి పదిమంది కళ్లు చూసి ఇలా బాగుందా అలా బాగుందా అని అడిగే మనిషిని, అక్కని ఒక్కసారి అడగలేదు. నా చెవులకి నచ్చినదాన్ని తన కళ్లకి కట్టబెట్టాను.

అక్క నవ్వు ఆపుకుని, "ఆ బూడిద అట్టది ఏది? దాని కోసమే దేవులాడుతున్నాను" అంది. తిరిగిచ్చేశానని రాశాను. "అయ్యో, అందులో మొహాలు ఎంత బాగున్నాయిరా! ఆ పోలీసు ఉన్నాడు చూడు, మాటల అట్ట మీదేమో 'ఆగు, దొంగా' అని రాశారు. వాడు అన్నది అది కాదు. పచ్చి ఇంగ్లీషు బూతులు. నేను పైకి చెప్పలేను."

నీకెలా తెలుసని రాశాను.

"వాడి పెదాలు చూసి. ఈమధ్య పట్టుకుంటున్నాలే కొంచెం కొంచెం."

నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా రాశాను, మరి నేను మాట్లాడేదీ అలాగే పట్టుకోవచ్చుగా, ఈ పలక దేనికి అని.

అక్క పలక చదివింది. నా మొహంవంక ఒక్కసారి చూసింది. డిస్కులన్నీ పేర్చిపెట్టి పైకి వెళ్లిపోయింది.

మార్చి 16

పొద్దున్న టీ తాగుతూ మా ఆవిణ్ణి అడిగాను, నేనేం తప్పు రాశానని.

"మీకు నిజంగా తెలీదా?" అంది. "వదిన మీ నోట్లోంచి ఒక్క మాట కూడా పట్టుకోలేదండీ. నాతో మాట్లాడుతుంది, పక్కింటివాళ్లతో మాట్లాడుతుంది. మీ పై పెదవిని ఆ మీసం మింగేసింది. మీ ఒక్కరికే పలక."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. మీరు చిన్నప్పుడు మెట్ల మీద పడ్డానంటారే, పడింది వదిన చంకలోంచట. తనకి అప్పుడు ఎనిమిదేళ్లు. 'నా వల్ల అయిన గాటు దాచుకోవడానికి పెంచుకున్నాడు, ఇప్పుడు నా కోసం తియ్యమని ఏ మొహం పెట్టుకుని అడగను' అంది. ఒట్టు తీసి గట్టున పెట్టాను, ఏం చేసుకుంటారో చేసుకోండి."

కొట్టుకి వెళ్లి సొరుగు తీశాను. ఫారానికి రెండో పేజీ ఉంది. నేను తిప్పి చూడలేదు. తోడు వచ్చేవారి పెదవులు పూర్తిగా కనిపించాలి, గడ్డం మీసం ఉంటే కత్తిరించుకుని రావాలి అని అచ్చు వేసి ఉంది. ఇది తెలిసే అక్క తోడుగా నన్ను అడిగింది. నోటితో అడగలేనిది ఫారం చేత అడిగించింది. నేను దాన్ని సొరుగులో పడేశాను.

ఇంకోటి కూడా రాసేస్తాను. రాయకుండా ఎన్నాళ్లు తప్పించుకుంటాను.

అక్టోబరులో ఓ గురువారం. అక్క కిందికి వచ్చి, "ఒక చెవి దిమ్మెక్కిందిరా, ఆసుపత్రికి వెళ్దామా" అంది. కొట్టునిండా జనం. జలుబు చేసుంటుంది, సోమవారం వెళ్దాంలే అన్నాను. సోమవారం పొద్దుటికి రెండో చెవి కూడా పోయింది. డాక్టరు ఎన్నాళ్లయిందని అడిగాడు. నాలుగు రోజులని చెప్పాను. ఆయన రాస్తున్న కలం కింద పెట్టాడు. "మొదటిరోజే వస్తే ఏమయ్యేదో చెప్పలేను" అన్నాడు. మొన్న ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు, ఇక మార్పు ఉండదని చెప్పాడు. అది అక్కకి పలక మీద రాసి చూపించిందీ నేనే. ఈ పుస్తకంలో రద్దీ అని రాశాను.

పోయి. మూసుకుపోయి కాదు. పోయి.

మార్చి 17

మంగలి "ట్రిమ్మింగే కదా మీసాల డాక్టరు గారూ" అన్నాడు. మొత్తం అన్నాను. కత్తెర పట్టుకుని నిలబడిపోయాడు. "ఇంట్లో చెప్పే వచ్చారా?" అన్నాడు. చెప్పానన్నాను, చెప్పలేదు. మూడోసారి అడిగితే నేనే కత్తెర లాక్కోబోయాను. పాతికేళ్ల మీసం అయిదు నిమిషాలు పట్టలేదు. అద్దంలో నాకు మా నాన్న కనిపించాడు, కాస్త అమాయకంగా.

పలక తీసుకోకుండా పైకి వెళ్లాను. అక్క దుప్పటి కుడుతోంది. తలెత్తింది, సూది అక్కడే ఆగింది.

"అక్కా, సోమవారం దాకా ఆగమన్నది నేనే" అన్నాను.

"నెమ్మదిగా. మాట నమలకు."

మళ్లీ చెప్పాను. తల అడ్డంగా ఊపింది. తన ఎదురుగా నేల మీద కూర్చుని, మూడోసారి ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను. సోమవారం. దాకా. ఆగమన్నది. నేనే.

అక్క నా నోటివంక చూస్తూ ఉండిపోయింది. మెల్లగా తన పెదాలు కూడా కదిలాయి, నా మాటల్నే తిరిగి పలుకుతున్నట్టు. అర్థమైంది.

"ఆగింది నేను కదరా" అంది. "ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు ఉన్నదాన్ని. ఆటో ఎక్కితే పది నిమిషాలు. నువ్వు వద్దంటే ఆగిపోయానా?"

నేను ఏడ్చేశాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. అక్క దుప్పటి పక్కకి నెట్టి, వేలు చాపి నా పై పెదవి మీద పెట్టింది. గాటు వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరికి రాసింది.

"ఇంతేనా?" అంది. "ఇంత చిన్నదా ఇది? ఇన్నాళ్లూ చాలా పెద్దదనుకున్నానురా."

మార్చి 18

ఫారం ఇచ్చేశాను. శనివారాలు కొట్టు ఒంటిపూట.

మార్చి 22, ఆదివారం

బూడిద అట్ట డిస్కు మళ్లీ తెచ్చాను. లైబ్రరీ ఆవిడ నా మొహం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "మంచి ప్రింటండీ" అంది. ఈవిడ దగ్గర కుళ్లేమీ లేదు, నాదే పాడు నోరు.

నిన్న మొదటి క్లాసు. నేను వేగంగా మాట్లాడతానట, టీచరు నా మీదే ఎక్కువ కేకలేసింది. అక్కకి పండగ.

ఇవాళ సినిమా మొదటి నుంచీ వేశాం. అక్క మధ్యలో కూర్చుంది. పోలీసు వచ్చినప్పుడు అక్క మా ఆవిడ చెవిలో ఏదో చెప్పింది, ఆవిడ "ఛీ" అని మొహం కప్పుకుంది. నాకు చెప్పలేదు. ఆఖర్న రైలు వచ్చింది. కూతురు కిటికీలోంచి వంగితే టోపీలాయన ఏదో అంటాడు, తర్వాత అట్ట పడింది. "సుఖంగా ఉండు తల్లీ" అని ఉంది. నలభై ఏళ్లకి చదివాను.

"అది కాదురా ఆయనన్నది" అంది అక్క. "తలకి చలి తగలనీకు, టోపీ తియ్యకు అంటున్నాడు. రెండుసార్లు అన్నాడు." కళ్లు తుడుచుకుంది. నాకు ఆరేళ్లప్పుడు బాకీపడ్డ అట్ట ఇవాళ చదివి చెప్పింది.

అంత మంచి చోట ఆ డోలు మళ్లీ మొదలైంది, డుబుక్కు డుబుక్కుమని. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఎవరికీ వినపడకుండా నాలో నేనే గొణుక్కున్నాను, "వీడి చెయ్యి విరగ, ఇక్కడ కూడానా."

అక్క నావైపే చూస్తోంది.

"పాపం, వాడేదో వాయించుకుంటున్నాడు, వాయించుకోనీరా" అంది.